ఒరేయ్ సూర్యం, చందుర్తి చూసొస్తావా?

ఒరేయ్ సూర్యం,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "నలభై ఎనిమిదేళ్లొచ్చి బొమ్మ సిపాయిలతో ఆటలేంట్రా" అని ఒకటే నవ్వు. నవ్వరా, నవ్వు. మీ చెల్లెమ్మదీ అదే మాట, కాకపోతే తను నవ్వట్లేదు. డైనింగ్ టేబుల్ మూడు వారాలుగా నా సైన్యం చేతిలో ఉంది. మేం సోఫాలో కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నాం.

దీనంతటికీ కారణం వాన. ఇక్కడ లీడ్స్‌లో ఎప్పుడూ ఉండేదే. తడవకుండా ఓ సెకండ్‌హ్యాండ్ షాపులో దూరితే, వంట పుస్తకాల మధ్య చార్లెస్ గ్రాంట్ రాసిన 'ద వార్ గేమ్' కనిపించింది, బొమ్మ సిపాయిలతో యుద్ధాలాడటం ఎలాగో చెప్పే పుస్తకం. 1971 నాటిది. పై అట్ట లేదు, ఎవరో పేజీల పక్కన పెన్సిల్‌తో లెక్కలు వేసుకున్నారు. మూడు పౌండ్లు. రెండు రాత్రుల్లో చదివేశాను. అప్పట్నుంచి ఇలాంటివి వెతికి వెతికి కొంటున్నాను. ఆన్‌లైన్‌లో ఒకాయన "చాలా మంచి కండిషన్" అని పంపింది తెరిస్తే బూజు వాసన, బాల్కనీలో నాలుగు రోజులు ఆరబెట్టాను.

నీ వెక్కిరింతకి జవాబు 1913లోనే ఇచ్చేశాడు 'టైమ్ మెషీన్' రాసిన హెచ్.జి.వెల్స్. ఆయన 'లిటిల్ వార్స్' మొదటి పేజీలోనే ఉంటుంది, ఈ ఆట పన్నెండేళ్ల నుంచి 150 ఏళ్ల దాకా మగపిల్లలకని. నాకింకా నూట రెండేళ్లు టైముంది. ఆ తర్వాత 'కాస్త తెలివైన ఆడపిల్లలకీ' అని కూడా ఉంటుంది. అది మీ చెల్లెమ్మకి చదివి వినిపించడం నా పొరపాటు.

ఆ ఆట పుట్టిన తీరు చూడు. శాండ్‌గేట్‌లో వెల్స్ ఇంటికి భోజనానికొచ్చిన స్నేహితుడొకడు, తిన్నాక స్ప్రింగ్ ఫిరంగి చేతిలోకి తీసుకుని బొమ్మ సిపాయిని గురిచూసి కొట్టాడు. అంగుళం పొడవు చెక్కముక్క దూసుకెళ్తుంది అందులోంచి. తగిలింది. ఇక నువ్వు కొట్టు, నేను కొడతా అని పోటీ. గోళీలాటలో మనం చేసిందే కదా. తర్వాత ఎన్‌సైక్లోపీడియా సంపుటాలు తివాచీ మీద పేర్చి కొండలన్నారు. కాల్బలం ఒక విడతకి అడుగు, గుర్రం రెండడుగులు. ఫిరంగి పేలాలంటే దానికి ఆరంగుళాల లోపు మనవాళ్లు నలుగురుండాలి. పాచికల్లేవు, అంతా గురే. పెద్ద మీసాల పెద్దమనుషులు నేల మీద బోర్లా పడుకుని ఒంటికన్నుతో గురి చూస్తున్నట్టు ఊహించుకో! చివర్లో మాత్రం వెల్స్ ఒక మాటన్నాడు: ఈ ఆట మూడు నాలుగుసార్లు ఆడితే చాలు, అసలు యుద్ధం ఎంత అవకతవక వ్యవహారమో తెలిసిపోతుందని. మరుసటి ఏడే అసలుది, మొదటి ప్రపంచ యుద్ధం, వచ్చిపడింది.

వెల్స్ కంటే ముందే స్టీవెన్‌సన్, అదే మన 'ట్రెజర్ ఐలండ్' ఆయన, ఊపిరితిత్తుల జబ్బుతో దావోస్‌లో ఉన్నప్పుడు, సవతి కొడుకుతో కలిసి అటక మీద సుద్దముక్కతో దేశపటం గీసి యుద్ధాలు నడిపాడు. వాటి మీద ఉత్తుత్తి పేపర్ల పేరుతో వార్తలు కూడా తనే రాసేవాడు. ఆ పిల్లాడు పెద్దయ్యాక 1898లో ఈ కథంతా పత్రికకి రాశాడు.

ఆడకుండా ఈ బొమ్మల్ని పోగుచేసేవాళ్లది వేరే కులం. వాళ్ల పుస్తకాలూ తిరగేశాను కానీ నాకు అంత ఓపిక లేదు. పెట్టెలో సిపాయిల్ని కట్టిన దారం తెంపినా ధర పడిపోతుందని గగ్గోలు పెడతారు. అయినా ఒక విరిగిన బొమ్మ కొన్నాను, విలియం బ్రిటన్ కంపెనీది. వాళ్లు 1893లో పట్టిన కిటుకు నీకు నచ్చుతుంది. కరిగిన సీసం మూసలో పోసి, అంచులకి అంటిన పొర గట్టిపడగానే లోపలిది బయటికి ఒంపేస్తారు. లోపల డొల్ల. సీసం తక్కువ, ధర తక్కువ. నా సిపాయి తల ఊడిపోతే ఎప్పుడో ఏ పిల్లాడో మెడలో అగ్గిపుల్ల గుచ్చి నిలబెట్టాడు. వేలితో తోస్తే తల తిరుగుతుంది! మన మద్రాసు నేటివ్ ఇన్ఫెంట్రీ సెట్ కూడా వేశారు వాళ్లు, దాని ధర చూసి పేజీ మూసేశాను.

చర్చిల్ సంగతి చెప్పాలి. చిన్నప్పుడు ఆయన దగ్గర దాదాపు 1500 బొమ్మలుండేవి. ఒకరోజు తండ్రి వచ్చి ఇరవై నిమిషాలు ఆ బారులన్నీ చూసి, సైన్యంలో చేరతావా అన్నాడు. నాన్న నాలో సేనాపతిని చూశాడని కుర్రాడు ఏళ్ల తరబడి పొంగిపోయాడు. లాయరు చదువుకి వీడి బుర్ర చాలదనుకున్నాడని తర్వాత తెలిసింది. ఆత్మకథలో తనే రాసుకున్నాడు. మా నాన్న నన్ను పాలిటెక్నిక్‌లో వేసినప్పుడూ ఇదే జరిగుంటుందని నా అనుమానం.

1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 'వార్ గేమ్స్' వచ్చాకే ఇది నలుగురాడే ఆటయింది. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకు దళం, తర్వాత సౌతాంప్టన్‌లో ఫిజియోథెరపిస్టు. పక్కింటాయన గోడ మీంచి మాట్లాడినట్టు రాస్తాడు. 1967లో పీటర్ యంగ్, లాఫర్డ్ కలిసి రాసిన 'చార్జ్!' ఉంది. యంగ్ నిజం కమాండో, బ్రిగేడియరు. అంతటివాడు బొమ్మల గురించి సిగ్గుపడకుండా రాస్తే, నేనెందుకు దాచుకోవాలి?

కానీ నా మనసు గ్రాంట్ దగ్గరే ఆగింది. ఫిరంగి గుండు కోసం ఆయనకో గీతల పుల్ల ఉంది. చెరువులో పెంకు విసిరితే కప్పగంతులేస్తుంది చూడు, గుండూ అంతే. నేలని తాకి, ఎగిరి, మళ్లీ తాకుతుంది. ఆ పుల్లని ఫిరంగి ముందు పెడితే, తాకే గీతల దగ్గరున్నవాళ్లు పోయినట్టు, ఎగిరే గీతల కిందున్నవాళ్లు బతికినట్టు. నేను ఐస్‌క్రీం పుల్లలు అతికించి చేశాను. మొదటి గుండుకే నా డ్రమ్మరు పోయాడు. ఆ కుర్రాడి కోటు గుండీలకి ఒక సాయంత్రమంతా రంగేశాను రా!

గ్రాంట్ ఆడేది 18వ శతాబ్దం. అది చదువుతుంటే తట్టింది, బిట్ పేపర్లో మనం బట్టీపట్టిన 'చందుర్తి యుద్ధం, 1758' కూడా ఆ కాలానిదే. యూరప్‌లో ఏడేళ్ల యుద్ధం జరుగుతుంటే దాని ముక్క ఒకటి పిఠాపురం పక్కన తెగింది. ఫ్రెంచి వైపు కాన్‌ఫ్లాన్స్, ఇంగ్లిషు వైపు కర్నల్ ఫోర్డ్, తోడు విజయనగరం ఆనందరాజు. ఏపుగా పెరిగిన చేను అడ్డుండి ఇంగ్లిషు దళం కనబడలేదు. బెంగాల్ సిపాయిలు ఎర్రకోట్లలో ఉండేసరికి వాళ్లే తెల్లవాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు అటు విరుచుకుపడ్డారు. చేలోంచి అసలు దళం బయటికొచ్చి పక్క నుంచి కొట్టింది.

ఇంత మంచి యుద్ధం నాకు దొరికిన ఒక్క పాత పుస్తకంలోనూ లేదు, అందుకే నేనే వేస్తున్నా. ఎర్రకోట్లు ముప్పై ఆరు రెడీ. చేనుకి కొబ్బరిపీచు డోర్‌మ్యాట్‌ని మించింది లేదు, నిలువునా కోస్తే అచ్చం పైరే.

నీకో పని. ఆదివారం బండేసుకుని చందుర్తి వెళ్లి, గట్టు మీద నిలబడి నాలుగు వైపులా ఫొటోలు తియ్యి. మెరక ఎటుంది, చెరువెటుంది, కాగితం మీద గీసి పంపు. ఊళ్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే యుద్ధం జరిగింది డిసెంబరులో కదా, ఆ నెలలో అక్కడ ఒకప్పుడు ఏం పంట ఉండేదో అడుగు. సంక్రాంతికి వస్తున్నాం, డబ్బాలో సైన్యంతో సహా. మీ డాబా మీద ఆడదాం, ఫ్రెంచివాళ్లు నీకే.

మీ చెల్లెమ్మ ఫోన్ చేసి గుమ్మం దగ్గర మ్యాట్ ఏమైందో తెలుసా అనడిగితే, నీకు తెలీదు.

నీ,
రాంబాబు