అప్పు చేసింది ఎవరు? – తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. పోయినసారి సమావేశంలో ఒక తండ్రి సూటిగానే అడిగారు: "సిస్టర్, తపస్సుకాలంలో (ఈస్టరుకు ముందు నలభై రోజుల్లో) పేదలకోసం పిల్లల చేత డబ్బు పోగుచేయించండి, కాదనం. కానీ దేశాల అప్పుల మీద ఉత్తరాలు రాయించడం ఏమిటి? అది రాజకీయం కాదా?" అప్పటికప్పుడు నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. అందుకే పరీక్షల తేదీలను వెనక పేజీకి పంపి, ఈ పేజీని ఆ జవాబుకే వాడుకుంటున్నాను.

డబ్బు పోగుచేయడాన్ని నేను తక్కువచేసి మాట్లాడను. 1960లో ఇంగ్లండ్, వేల్స్ కతోలిక మహిళా సంఘాలవాళ్లు కుటుంబ ఉపవాస దినం ఒకటి పెట్టుకున్నారు. కరీబియన్‌లోని డొమినికా దీవిలో తల్లీబిడ్డల వైద్యశాల కోసం విరాళాలు సేకరించారు. రెండేళ్లకు ఇంగ్లండ్, వేల్స్ బిషప్పులు కాఫోడ్ అనే సహాయ సంస్థను స్థాపించారంటే దానికి మూలం ఆ ఉపవాసమే. చిన్నగా మొదలైన పని. అయితే ఇలాంటి పనిలో కొన్నాళ్లు గడిపినవారెవరికైనా ఒక ప్రశ్న ఎదురుకాక తప్పదు: ఏటేటా ఇస్తూనే ఉన్నాం, ఏటేటా లేమి అలాగే ఉందేం? బ్రెజిల్ అగ్రపీఠాధిపతి హెల్డర్ కమారా ఈ సంగతే అనేవారు: పేదలకు అన్నం పెడితే నన్ను పునీతుడంటారు, వాళ్లకు అన్నం ఎందుకు లేదని అడిగితే కమ్యూనిస్టు అంటారు.

మన ఏడో తరగతిలోనూ ఆ "ఎందుకు" మొదలైంది. పేద దేశాల అప్పుల గురించి టీచరు చెబుతుంటే ఒక పాప, "ఆ అప్పు చేసింది ఎవరు? అక్కడి పిల్లలా?" అని అడిగింది. టీచరు పాఠం ఆపి నా దగ్గరికి వచ్చారు. చాలా చోట్ల అప్పు చేసింది ప్రజలు ఎన్నుకోని పాలకులు. తీసుకున్నది డాలర్లలో. సొంత కరెన్సీ విలువ పడిపోయినప్పుడల్లా, కొత్తగా ఒక్క డాలరు తేకపోయినా, సొంత డబ్బులో తీర్చాల్సింది పెరుగుతుంది. వడ్డీకి పోయిన డబ్బు బడికీ, ఆసుపత్రికీ మిగలదు. అంతా కలిపి చెబితే పాప ప్రశ్నకు జవాబు: అప్పు చేసింది పిల్లలు కాదు, తీరుస్తున్నది మాత్రం వాళ్లే.

బైబిలుకు ఇది కొత్త సంగతి కాదు. యాభయ్యో ఏట బానిసలకు విడుదల ఇవ్వాలని, పోయిన పొలం తిరిగి అప్పగించాలని లేవీయకాండం 25వ అధ్యాయం చెబుతుంది. ఆ యాభయ్యో ఏడే జూబిలీ. దాన్ని గుర్తుచేస్తూ పోప్ రెండో జాన్ పాల్ 1994లోనే, 2000 సంవత్సరానికి పేద దేశాల అప్పులు బాగా తగ్గించాలని కోరారు. 1998 మే 16న, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో జి-8 (ఎనిమిది పెద్ద దేశాల) నాయకుల సమావేశాలు జరుగుతున్నప్పుడు, అప్పులు మాఫీ చేయాలంటూ దాదాపు 70,000 మంది చేతులు కలిపి నగరం నడిబొడ్డున గొలుసుగా నిలబడ్డారు. కతోలికులే కాదు, ఇతర సంఘాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ వచ్చారు. మరుసటి ఏడు జర్మనీలోని కొలోన్‌లో జరిగిన జి-8 సమావేశంలో మరింత మాఫీకి నాయకులు ఒప్పుకున్నారు. ఆ తర్వాతి ఏళ్లలో మొత్తం 37 దేశాలకు 10,000 కోట్ల డాలర్లకు పైగా భారం తగ్గింది. టాంజానియా 2001లో ప్రాథమిక బడుల్లో ఫీజు ఎత్తేసింది. మాఫీతో మిగిలిన సొమ్ము అందుకు తోడ్పడింది. బడి నడిపేదాన్ని కనుక, ఈ ఒక్క సంగతి చాలు నాకు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. అప్పులు మళ్లీ పేరుకున్నాయి. ఈసారి ప్రభుత్వాలతో పాటు ప్రైవేటు మదుపరులూ అప్పిచ్చారు, వాళ్లను చర్చలకు రప్పించడమే కష్టం. 2020లో జాంబియా చెల్లింపులు ఆపేసింది. చర్చి జరుపుకున్న 2025 జూబిలీ సంవత్సరానికి పోప్ ఫ్రాన్సిస్ మళ్లీ అదే మాట ఎత్తారు, కతోలిక సహాయ సంస్థ కారితాస్ అప్పుల మాఫీ కోసం ఉద్యమం నడిపింది.

ఇక రాజకీయం అన్న మాటకు వస్తాను. ఏ పార్టీ పేరూ మా తరగతి గదిలోకి రాదు. న్యాయం కోసం పనిచేయడం సువార్త ప్రకటనలో విడదీయరాని భాగమని 1971లో రోములో బిషప్పుల సినడ్ (మహాసభ) చెప్పింది. కతోలిక బడిగా మేం దాన్ని పక్కన పెట్టలేం. కానీ ఒక తప్పు ఒప్పుకోవాలి. నిరుడు మేమే ఉత్తరం తయారుచేసి, అందరి చేతా ఎక్కించి రాయించాం. నలభై ఉత్తరాలు, ఒకే వాక్యాలు! చదివినవారు నవ్వుకుని ఉంటారు. ఈసారి ఎవరి మాటలు వాళ్లవే. మాఫీ వద్దని ఎవరైనా రాస్తే అదీ పంపుతాం.

ఇంకో మార్పు: ఆకలితో ఏడుస్తున్న పసివాళ్ల ఫొటోలు ఈ ఏడు గోడల మీద ఉండవు. మన పిల్లల ఫొటోలు అలా ఎవరైనా పెడితే మనం ఊరుకోం.

ఉత్తరాలు ఏడు నుంచి పదో తరగతి వరకే. మీ బిడ్డ రాయడం మీకు ఇష్టం లేకపోతే వచ్చే శుక్రవారంలోగా క్లాస్ టీచరుకు ఒక చీటీ పంపండి. కారణం అడగం, బిడ్డను నలుగురిలో నిలబెట్టం. విరాళాల పెట్టె ఎప్పటిలాగే ప్రార్థనా మందిరం గుమ్మం దగ్గర ఉంటుంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు