చిన్నోడి ఫైలు

గుంటూరు, బ్రాడీపేట

చి.ల.సౌ. అమ్మలుకి నాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను ఆ రాత్రంతా నిద్రపోనివ్వలేదు. "తమ్ముణ్ణి నేను చూసుకోనా నాన్నా, మళ్ళీ ఈ కాగితాలెందుకు?" అన్నావు. మన చిన్నోడు తన వ్యవహారాలు తాను చూసుకోలేడు, నువ్వు చూసుకుంటావు తల్లీ. ఆ నమ్మకమే లేకపోతే నేనింత ధైర్యంగా ఉండగలనా? ఈ కాగితాలు నువ్వెవరో తెలియనివాళ్ళ కోసం. బ్యాంకువాళ్ళూ, రిజిస్ట్రారూ నీ మనసు చూడరు, దస్తావేజు చూస్తారు.

మీ పెదనాన్న సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. తెనాలి దగ్గర ఎకరన్నర అమ్మిపెట్టమని నాకు జీపీఏ, అంటే తన తరఫున సంతకం పెట్టే అధికారపత్రం, రాసిచ్చాడు. బేరం కుదిరేలోపే పోయాడు. దినవారాలు అయ్యాక ఆ కాగితం పట్టుకుని డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్తే, ఆయన చదివి, మడిచి, మళ్ళీ నా చేతిలో పెట్టి "మనిషితోపాటే ఇదీ పోయిందండీ" అన్నాడు. వీలునామా లేదు. వారసులందరి సంతకాలూ కూడేసరికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ మీ పెద్దమ్మ అప్పులతో గడిపింది. మంచాన పడి మతి తప్పితే జీపీఏ ఆదుకుంటుందని చాలామంది అనుకుంటారు. రాసిచ్చినవాడికి మతి పోయినా మన చట్టంలో అది చెల్లదు. నాకు మోకాళ్ళు సహకరించనప్పుడు బ్యాంకు పనులు చూడటానికి నీ పేర ఒకటి రాస్తాను, అంతవరకే దాని పని.

వీలునామా పోయినేడే రాశాను. తెల్లకాగితం మీద, నా చేత్తోనే. దానికి స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, అయినా చేయించాను. నేను సంతకం పెడుతుంటే చూసి ఇద్దరు సాక్షి సంతకాలు చేయాలి. ఎదురింటి లెక్చరర్‌గారినీ, మన డాక్టరుగారినీ అడిగాను. ఇద్దరూ నాకంటే చిన్నవాళ్ళు, మన ఆస్తిలో పైసా రానివాళ్ళు. అందులో ఇల్లు నీకు సగం, చిన్నోడికి సగం అని రాశాను.

ఆరోజు రిజిస్ట్రారాఫీసు నుంచి వచ్చాక నా బొటనవేలికి అంటిన ఇంకు చూసి వాడూ తన వేలు చాపాడు. స్కెచ్ పెన్ రుద్ది న్యూస్ పేపర్ మీద అద్దించాను. ఒకటి కాదు, పేపరు నిండా వేశాడు. ఎంత సంబరమో వాడికి! నాకు మాత్రం గుండె జారింది. రేపు ఎవరడిగినా ఇలాగే నవ్వుతూ వేలు చాపుతాడు కదమ్మా.

అందుకే మళ్ళీ రాశాను. వీలునామా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. ఇప్పుడు వాడి పేర నేరుగా ఏదీ లేదు. నా డిపాజిట్లన్నీ వాడి కోసం పెట్టే ట్రస్టుకి వెళ్తాయి. ట్రస్టీలు, అంటే ఆ డబ్బు వాడి కోసమే ఖర్చుపెట్టాల్సిన బాధ్యులు, నువ్వూ, మీ మావయ్య కొడుకూ. ఒక్కరికే వదిలేస్తే రేపు ఎవరైనా నిన్ను మాట అనొచ్చు, అది నాకిష్టం లేదు. డిపాజిట్లకి నామినీగా నీ పేరుంది కాబట్టి చాలనుకున్నాను ఇన్నాళ్ళూ. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకుని హక్కుదారులకు అప్పగించాల్సిన మనిషే, సొంతదారు కాదు. సుప్రీంకోర్టు బీమా విషయంలో 1983లోనే ఆ మాట చెప్పింది. బీమాకి 2015లో చట్టం మార్చారు గానీ, డిపాజిట్లకి ఆ మాటే వర్తిస్తుంది.

ఇల్లు మీ అమ్మకి బతికున్నంతకాలం అనుభవించేందుకు మాత్రమే రాద్దామనుకున్నాను. లాయరుగారు ఆపారు. మన ఆంధ్ర నుంచే సుప్రీంకోర్టుకి వెళ్ళిన తులసమ్మ కేసులో, మనోవర్తి కింద హిందూ స్త్రీకిచ్చిన ఆస్తి, బతికున్నంతకాలమే అని రాసినా, ఆమెకి సంపూర్ణ హక్కు అవుతుందని 1977లో తీర్పొచ్చిందట. అలాంటి మెలికలు రేపు మీకొద్దు. సగం ఆమెకి పూర్తిగా, సగం నీకు. ఆమె తన సగాన్ని ట్రస్టుకి రాస్తూ వేరే వీలునామా పెట్టింది.

ఇంకో సంగతి. వాడికి పద్దెనిమిది నిండాక, కన్నవాళ్ళమైన మేం కూడా చట్టప్రకారం సంరక్షకులం కాము. ఇలాంటివాళ్ళ కోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరుగారి అధ్యక్షతన ఉండే కమిటీ నియమించాలి. కలెక్టరాఫీసులో మా అప్లికేషన్ ఇచ్చాం. మా తర్వాత నీ పేర రావాలంటే నువ్వు అప్లై చేయాలి. నా రైల్వే పెన్షన్ మీ అమ్మ తర్వాత వాడికి జీవితాంతం వచ్చేలా వైకల్య సర్టిఫికెట్ పెట్టి పీపీఓలో, అంటే పెన్షన్ ఆర్డరులో, పేరు ఎక్కించమని రాశాను.

సంక్రాంతికి అల్లుడుగారితో రా. మీ బావనీ పిలుస్తాను. ట్రస్టు షరతులు ఇద్దరూ చదివి, నచ్చనివి నా ఎదుటే చెప్పండి, మార్చుకుందాం.

అన్నీ బీరువా కింది అరలో పసుపు ఫైల్లో ఉన్నాయి. చివర్న నోట్‌బుక్ ఒకటి పెట్టాను. అది ఏ ఆఫీసుకీ అక్కర్లేదు, నీకే. వాడి మాత్రల వేళలు, పెరుగన్నంలో ఆవకాయ నంజుకోకపోతే ముద్ద మింగడన్న సంగతి, ఉరుములకి భయపడతాడన్న సంగతి అన్నీ రాశాను. రాత్రిపూట వీధి తలుపు గడియ వాడే వేయాలి. వేశాక రెండుసార్లు లాగి చూస్తాడు. తొందరపెట్టకమ్మా, అప్పుడే పడుకుంటాడు.

ఇట్లు,
మీ నాన్న