అడవి పేరు మీద వచ్చే పైసలకు గ్రామసభ సంతకం ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలేంలో వాతావరణ సదస్సు జరుగుతుండగా ముండురుకు ఆదివాసులు వచ్చి ప్రధాన ద్వారానికి అడ్డంగా నిలబడ్డారు. సదస్సు అధ్యక్షుడే బయటికొచ్చి వాళ్లతో మాట్లాడాల్సి వచ్చింది. ఎక్కడో అమెజాన్ సంగతి మనకెందుకని చాలామంది పేజీ తిప్పేసి ఉంటారు. ఆ ద్వారం లోపల నడిచిన పైసల చర్చ చెంచులు బతికే మా నల్లమల అడవికీ సంబంధించినదే. అందుకే ఈ ఉత్తరం.

లెక్కలు ముందు చెప్పేస్తాను. 2021లో గ్లాస్గో సదస్సులో కొన్ని సంపన్న దేశాలు, దాతృత్వ సంస్థలు కలిసి అడవుల్లో బతికేవాళ్ల భూమి హక్కుల కోసం అయిదేళ్లలో 170 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. మొదటి ఏడాది ఖర్చులో ఆదివాసీ సంఘాల చేతికి నేరుగా అందింది 7 శాతం. మిగతాదంతా ప్రభుత్వాలు, పెద్ద ఎన్జీవోలు, అంతర్జాతీయ సంస్థల మీదుగా తిరిగింది. బెలేంలో మళ్లీ 180 కోట్లు అన్నారు. ఉష్ణమండల అడవుల కోసం కొత్త నిధి పెట్టి, దాని చెల్లింపుల్లో కనీసం 20 శాతం ఆదివాసులకు, స్థానికులకు అని కూడా రాసుకున్నారు. రాసుకున్నందుకు సంతోషమే. అది ఎవరి ఖాతాలో పడుతుంది, ఎవరి సంతకంతో కదులుతుంది అన్నదే నా ప్రశ్న.

పేద దేశాలకు సాయం చేసే గ్రీన్ క్లైమేట్ ఫండ్ అనే నిధి ఆఫీసు దక్షిణ కొరియాలోని సాంగ్‌డోలో ఉంది. బోర్డులో 24 కుర్చీలు, సంపన్న దేశాలకు సగం, మిగతా దేశాలకు సగం. ఆదివాసులకు ఒక్కటీ లేదు. కుర్చీ లేకపోయినా కూర్చుని మాట్లాడగలిగే పరిశీలకుల్లో పౌర సంఘాలకు ఇద్దరు, ప్రైవేటు కంపెనీలకు ఇద్దరు ఉన్నారు. మాకు విడిగా ఒక స్థానం ఇవ్వండని ఆదివాసీ ప్రతినిధులు ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నారు. వాళ్ల పట్టుదల వల్లే 2018లో ఆ నిధి ఆదివాసుల కోసం ఒక విధానం తెచ్చుకుంది. వాళ్ల నేల మీద ప్రభావం పడే ప్రాజెక్టయితే ముందే, ఒత్తిడి లేకుండా, అన్నీ విప్పి చెప్పి సమ్మతి తీసుకోవాలి. ఏ దేశం వాళ్లను ఏ పేరుతో పిలిచినా ఈ విధానం వర్తిస్తుందని అందులోనే ఉంది. ఈ చివరి మాట మనకు ముఖ్యం. స్వాతంత్ర్యం వచ్చాక మా దేశ ప్రజలందరూ మూలవాసులే అని చెప్పి ఈ చర్చను దాటవేయడం మన ప్రభుత్వాలకు అలవాటు.

కాగితం మీద విధానం ఉంటే ఏమవుతుంది అనేవాళ్లు మధ్య అమెరికాలోని నికరాగ్వా సంగతి తెలుసుకోవాలి. అక్కడ అడవుల రక్షణ పేరుతో ఈ నిధి సుమారు 6.4 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. మమ్మల్ని సరిగా అడగలేదు, ఈ ప్రాజెక్టు వస్తే మా భూముల మీద పడే వలసదారుల దాడులు ఇంకా పెరుగుతాయి అని అక్కడి ఆదివాసులు, ఆఫ్రికా మూలాల ప్రజలు 2021లో ఫిర్యాదు చేశారు. ఆ నిధికి సొంతంగా ఫిర్యాదుల విభాగం ఒకటుంది. విచారణ సాగి సాగి, 2024 మార్చిలో నిధి ఆ ప్రాజెక్టు నుంచే తప్పుకుంది. ఇచ్చిన మాటను వెనక్కి తీసుకునేలా చేసింది అడవిలో ఉండేవాళ్ల ఫిర్యాదు. ఇందులో నాకు నచ్చింది గెలుపు ఒక్కటే కాదు. ఏ గడప తొక్కాలో వాళ్లకు తెలుసు. పెంటలంటే మా చెంచుల గూడేలు, అప్పాపూర్ పెంటలో, మల్లాపూర్ పెంటలో ఎవరికైనా అలాంటి గడప ఒకటుందని చెప్పినవాళ్లున్నారా?

మన దేశంలో ఈ పైసలు వచ్చే దారి చూడండి. ఏ ప్రాజెక్టుకైనా ముందు ఢిల్లీలోని పర్యావరణ శాఖ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం ఇవ్వాలి. ఆ తర్వాత గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు లాంటి గుర్తింపు పొందిన సంస్థ ద్వారా రాష్ట్ర శాఖలకు వస్తాయి. ఒడిశాలోని గిరిజన ప్రాంతాల్లో భూగర్భ జలాల ప్రాజెక్టు 2017లో అలాగే మంజూరైంది. పక్కనున్న ఆంధ్ర తీరంలోనూ ఈ నిధి పని నడుస్తోంది. విదేశీ పైసలే అక్కర్లేదు, కేంద్రం పెట్టుకున్న వాతావరణ అనుకూలన నిధి నుంచి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా రైతుల కోసం ఒక ప్రాజెక్టు వచ్చింది. పోయిన అడవులకు బదులుగా మొక్కలు నాటే కంపా నిధి కింద 2019లో మన తెలంగాణకు అందింది సుమారు 3,110 కోట్ల రూపాయలు. కంపా నిబంధనల్లో గ్రామసభను గానీ అటవీ కమిటీని గానీ సంప్రదించాలని ఉంది. ఆ 'గానీ'లోనే మొత్తం జారిపోతుంది. మన దగ్గర ఆ కమిటీలు నడిచేది అటవీ శాఖ చెప్పుచేతల్లో. పోడు భూముల్లో కందకాలు తవ్వి మొక్కలు నాటడం, తర్వాత గొడవలు, కేసులు మన రాష్ట్రంలో అందరం చూసినవే.

గ్రామసభ అంటే ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి. నేను ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసినవాణ్ని, ఇలాంటివి చాలా చూశాను. పంచాయతీ ఆఫీసు గోడకు ఒక నోటీసు అంటిస్తారు. పెంట నుంచి పంచాయతీకి రావాలంటే అడవిలో కిలోమీటర్ల నడక, ఆ నోటీసు చదివేదెవరు? సభ రోజు వచ్చినవాళ్ల దగ్గర ముందే రిజిస్టరులో వేలిముద్రలు తీసుకుంటారు, భోజనాలున్నాయంటారు. సార్లు మాట్లాడి వెళ్లాక, హాజరు కోసం వేసిన ఆ వేలిముద్రలే తీర్మానం కింద సమ్మతి అవుతాయి. ప్రాజెక్టు రిపోర్టు ఇంగ్లిషులో ఉంటుంది. తెలుగులో అడిగితే, పై ఆఫీసులో ఉంది అంటారు.

చెంచులకు ఇవన్నీ ఏం అర్థమవుతాయి అని నాతోనే ఒక పెద్దమనిషి అన్నారు. జిగురుకు, తేనెకు, ఇప్పపువ్వుకు గిరిజన సహకార సంస్థ (జీసీసీ) ఏ ఏడాది ఎంత రేటు పెట్టిందో వాళ్లకు నోటికొచ్చు. వానలు అదను తప్పితే పూత ఎలా తగ్గుతుందో, పూత తగ్గితే కొండ తేనె ఎలా తగ్గుతుందో వాళ్లు చెప్పినంత బాగా ఏ రిపోర్టూ చెప్పదు. కొండ చరియ మీద తేనె తీసేటప్పుడు చూడండి. తీగలతో పేనిన తాడు పట్టుకుని ఒకడు లోయలోకి దిగుతాడు, కింద వందల అడుగుల లోతు. పైన తాడు పట్టేది బావమరిది. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాడు తాడు వదలడని వాళ్ల నమ్మకం. పట్టు మొత్తం కోయరు, ఈగలకు కొంత వదిలిపెడతారు. తన తాడు ఎవరు పట్టాలో దిగేవాడే చెప్పుకునే ఆ పద్ధతి వాతావరణ నిధులకు ఎందుకు పనికిరాదో నాకర్థం కాదు. నష్టపోయేది వాళ్లు, తాడు మాత్రం ఢిల్లీ, హైదరాబాదుల్లో ఎవరి చేతిలోనో ఉంటుంది.

సంపన్న దేశాలను నిలదీయడంలో మన దేశం తప్పేమీ లేదు. 2024లో బాకూ వాతావరణ సదస్సులో ఏటా 30 వేల కోట్ల డాలర్లే అన్న మాటను మన ప్రతినిధులు గట్టిగా తప్పుబట్టారు, బాగా చేశారు. మాట్లాడతామన్నా అవకాశం ఇవ్వకుండా నిర్ణయం తీసుకున్నారన్నది అప్పుడు మన ఫిర్యాదు. అదే ఫిర్యాదు నల్లమలలోని అమ్రాబాద్ నుంచి వస్తే వినేవాళ్లుండాలి కదా.

ముందే అడగకపోతే ఏమవుతుందో ఈ జిల్లాలకు తెలుసు. అణు విద్యుత్తు కూడా కాలుష్యం లేని కరెంటు అనే పేరుతోనే మన గుమ్మంలోకి వచ్చింది. నల్గొండ వైపు లంబాపూర్, పెద్దగట్టు దగ్గర ఆ కరెంటుకు ఇంధనమైన యురేనియం తవ్వకాలకు 2003లో పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణ రోజుల నుంచీ అక్కడి తండాలు వద్దంటూనే ఉన్నాయి. 2019లో నల్లమల మొత్తం లేచి నిలబడితే, ఆ సెప్టెంబరులో శాసనసభ యురేనియం వద్దని తీర్మానం చేసింది. వద్దనడానికి అంత కష్టపడాల్సి వచ్చింది. అది మొదలుపెట్టకముందే అడగడం ఎంత సులువో ఆలోచించండి. (సోలారు ప్లాంట్లకూ, కార్బన్ క్రెడిట్లు అమ్ముకోవడానికి నాటే మొక్కలకూ ఇదే వర్తిస్తుంది. పచ్చటి పేరున్న ప్రతిదీ పచ్చగా ఉండదు.)

కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. అమ్రాబాద్ పీఠభూమిలోని చాలా పెంటలు రాజ్యాంగం ఐదో షెడ్యూలులో ఉన్నాయి, గిరిజన గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం వర్తిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడుకునే అధికారాన్ని గ్రామసభకే ఇచ్చింది, చెంచుల్లాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కులు కూడా రాసింది. నేను అడిగేది చిన్న విషయం. నల్లమలను తాకే ఏ వాతావరణ ప్రాజెక్టుకైనా, అది సాంగ్‌డో పైసలదైనా కంపాదైనా, రాష్ట్రం ఢిల్లీకి ఫైలు పంపేటప్పుడు పెంటల గ్రామసభ తీర్మానాన్ని జత చేయాలి. ఆ తీర్మానం తెలుగులో ఉండాలి, హాజరు పట్టీ వేరే ఉండాలి, వద్దన్నవాళ్ల మాట కూడా అందులో రాయాలి. ప్రాజెక్టు సారాంశాన్ని సభకు నెల ముందే మన్ననూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పెంటల్లోకి పంపి చదివి వినిపించాలి. రాష్ట్ర వాతావరణ కార్యాచరణ ప్రణాళికను సవరించేటప్పుడు చెంచుల నుంచి కనీసం ఇద్దరిని, అందులో ఒక ఆడమనిషిని, చర్చకు పిలిచి బస్సు చార్జీలు, రోజు కూలీ ఇవ్వాలి. కూలీ ఎందుకంటారా, ఒక రోజు హైదరాబాదు వచ్చినవాడికి ఆ రోజు అడవి పని పోతుంది.

నాగర్‌కర్నూల్, నల్గొండ ఎంపీలు ఈ రెండు జిల్లాల అడవుల పేరు మీద ఏ ప్రాజెక్టులకు కేంద్రం ఎన్‌ఓసీ ఇచ్చిందో, వాటికి గ్రామసభ తీర్మానాలు ఉన్నాయో లేవో పార్లమెంటులో రాతపూర్వకంగా అడగాలని కోరుతున్నాను. జవాబు వస్తే మీ జిల్లా ఎడిషన్‌లో ఊళ్ల పేర్లతో సహా వేయండి. మన్ననూరు బస్టాండులో పేపరు చదివి పెంటల్లో చెప్పే పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా