ఖర్దుంగ్లా ఎక్కిన మన హైదరాబాదీ

అందరికీ నమస్కారం. చలి ఎక్కువైంది, ఆదివారం రైడ్ మానేద్దామా అని నిన్న అనుకున్నాం కదా. అప్పట్నుంచీ నాకు మన హైదరాబాద్ సైక్లిస్ట్ ఆదిత్య మెహతా గుర్తొస్తూనే ఉన్నారు. రోడ్డు ప్రమాదంలో మోకాలి పైదాకా కాలు పోయింది. అయినా 2013లో ఢిల్లీలో ఆసియా పారా సైక్లింగ్ (దివ్యాంగుల సైక్లింగ్) పోటీల్లో రెండు రజతాలు గెలిచారు. మనాలీ నుంచి లడఖ్‌లోని ఖర్దుంగ్లా కనుమ దాకా కూడా తొక్కారు!

లేహ్ దాకానే 400 కిలోమీటర్ల పైన. దారిలో తంగ్లాంగ్ లా కనుమ 5,300 మీటర్ల ఎత్తు. అక్కడ ఊపిరే అందదు, రాత్రిళ్లు నీళ్లు గడ్డకడతాయి. కృత్రిమ కాలు వాడేవాళ్లకి ఇంకో బాధ: సాకెట్ (మిగిలిన కాలు దూర్చే తొడుగు) లోపల చెమట పడుతుంది, ఆగగానే అదే చల్లబడి కొరుకుతుంది. చర్మం ఒరుసుకుపోతే మర్నాడు కాలు తొడగడమే కష్టం. కండల బలం కంటే ఈ చిన్న పుండుని చూసుకోవడమే పెద్ద పని అని నాకనిపిస్తుంది.

ఆయన పేరు మీదున్న ఫౌండేషన్ గాయపడ్డ జవాన్లకీ సైక్లింగ్ నేర్పిస్తోంది. అందుకు నాకు మరీ గౌరవం.

ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే రండి. మిగతావాళ్లం ఆదివారం 6 గంటలకి బయల్దేరదాం. గ్లవ్స్ మరిచిపోకండి.