ఆవు పొట్ట వేరు, పంది పేగు వేరు

సంపాదకుడు గారికి,

గత వారం మీ వ్యవసాయం పేజీలో ‘దాణాలో మాంసకృత్తులు ఎంత పెంచితే సీమపంది అంత బరువెక్కుతుంది’ అని రాశారు. ఆ మాట నమ్మి ఒక చలికాలం చేతులు కాల్చుకున్నవాణ్ణి కనుక ఈ ఉత్తరం.

చీపురుపల్లి దగ్గర మాకు ఇరవై ఆరు సీమపందులున్నాయి. అంతకుముందు ఆవులుండేవి. వంద కిలోల ఎండుగడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, మాగబెట్టి మేపేవాళ్లం. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ యూరియాలోని నత్రజనితో పెరుగుతాయి, తర్వాత చిన్నపేగులోకి జారి అవే ఆవుకు ఆహారమవుతాయి. పందిలో వరస తిరగబడింది. చిన్నపేగు ముందు, సూక్ష్మజీవుల సంత వెనక పెద్దపేగులో. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే ఇటుకలతో కట్టినవి, లైసిన్ అందులో ఒకటి. అక్కడ అవి లైసిన్ తయారుచేసినా పందికి దక్కేది బహు స్వల్పం, మిగతాది పేడలో పోతుంది. ఈ తేడా తెలియక నేను పందిని కూడా ఆవులాగే లెక్కేశాను.

సోయా చెక్క ధర పెరిగిన రోజుల్లో, దాణా అమ్మే ఆయన మాట విని వేరుశనగ చెక్క గుమ్మరించాను. రెండింటిలో మాంసకృత్తుల శాతం ఇంచుమించు ఒకటే మరి! కానీ వేరుశనగలో లైసిన్ సోయాలో ఉన్నదానికి సగమే. తవుడు, మొక్కజొన్నలోనూ అది తక్కువే. లైసిన్ చాలకపోతే మిగతా అమైనో ఆమ్లాలు ఎన్ని ఉన్నా కండ కట్టదు. వాటిని కాలేయం విరిచి యూరియాగా మార్చి మూత్రంలోకి తోసేస్తుంది. ఇక అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లినదాన్ని అక్కడి సూక్ష్మజీవులు కుళ్లబెడతాయి.

ఆ సంగతి నాకు పుస్తకం కంటే ముందు ముక్కు చెప్పింది. చలికి పాకచుట్టూ గోనెపట్టాలు కట్టాం. తెల్లవారుజామున పట్టా ఎత్తగానే ఘాటుకి కళ్లమ్మట నీళ్లు కారేవి. పేడలోని సూక్ష్మజీవులు మూత్రంలోని యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయని తర్వాత తెలిసింది. పాలు మాన్పించిన పిల్లల తోకలు విరేచనాలతో తడిగా, వెనకంతా పచ్చగా ఉండేది. ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలిస్తే నెలకు అరంగుళం కూడా పెరగలేదు. పక్క మామిడితోట ఆసామి కబురు మీద కబురు. పందులు పెంచేవాడికి ఊళ్లో మర్యాద ఎలాగూ అంతంతమాత్రమే, కంపు కూడా తోడైతే చెప్పేదేముంది!

దాణాలో వేరుశనగ చెక్క తగ్గించి, సోయా చెక్క కొంత కలిపి, లైసిన్ పొడి కొని వేశాను. మొత్తం మాంసకృత్తులు మునుపటికంటే తక్కువే. రోజూ కాస్త చిలగడదుంప తీగ తరిగి వేశాను. పీచు దొరికితే పెద్దపేగు సూక్ష్మజీవులు దానిమీద పడి పెరుగుతాయి, నత్రజనిని తమ ఒంట్లో కట్టేసుకుంటాయి. అప్పుడది మూత్రంలో తక్కువగా, పేడలో ఎక్కువగా పోతుంది. అలాగని తీగే కడుపు నిండా పెడితే దాణా సరిగా అరగదు. ఇంకో మాట, సోయా గింజలు పచ్చివి పెట్టకండి, అందులో అరుగుదలను అడ్డుకునే పదార్థం ఉంటుంది, వేయించాల్సిందే. పది రోజుల్లో పాకలో ఘాటు తగ్గింది. పిల్లల తోకలు ఆరడానికి ఇంకొంత సమయం పట్టింది.

నేను కొన్న దాణా సంచుల మీద మాంసకృత్తుల శాతం పెద్ద అక్షరాల్లో ఉంది, లైసిన్ ఊసే లేదు. మీ పేజీలోనూ అంతే. మాకు గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి అధ్యాపకుల చేత ఏ చెక్కలో, ఏ తవుడులో లైసిన్ ఎంతో ఒక పట్టిక రాయించి వేయండి. కత్తిరించి పాక స్తంభానికి అంటించుకుంటాను.

— ఒక పందుల పెంపకందారు,
చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా