బీమా అమ్మేవారికి పరీక్ష ఎవరు పెట్టాలి? ఐఆర్‌డీఏఐ చైర్మన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చైర్మన్ గారికి నమస్కారం.

నేను ఉప్పల్‌లో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కల టీచర్‌ని. దేశంలోని బీమా కంపెనీలన్నింటినీ అదుపులో పెట్టే మీ సంస్థ ఐఆర్‌డీఏఐ మా ఊళ్లోనే, నానక్‌రాంగూడలో ఉందన్న సంగతి మొన్నటి దాకా నాకు తెలియదు. మా బావగారి క్లెయిము తిరస్కరించాక తెలిసింది.

బావగారు టైలర్. రామంతాపూర్‌లో చిన్న షాపు ఉంది. ఏడాదిన్నర క్రితం ఒక అబ్బాయి బ్రోకర్ ఆఫీసు నుంచి వచ్చానని చెప్పి ఆయనకు 5 లక్షల ఆరోగ్య బీమా చేయించాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని, తన ఫోనులోనే దరఖాస్తు నింపాడు. పేరు, వయసు, ఎత్తు, బరువు, నామినీ వివరాలు ఓపికగా అడిగాడు. తర్వాత తెర మీద చకచకా వేలు కదిలిస్తూ "ఇవన్నీ మామూలు ప్రశ్నలే అంకుల్" అన్నాడు. బీపీ ఉందా, షుగర్ ఉందా అన్నవి ఆ మామూలు ప్రశ్నల్లోనే ఉన్నాయి. బావగారి బీపీ మాత్రల షీటు అతడికి జానెడు దూరంలో, దారపు రీళ్ల డబ్బాలోనే ఉంది. అడిగి ఉంటే తీసి చూపించేవారు. ఏడేళ్లుగా అందరి ముందూ వేసుకుంటున్న మాత్రను దాచవలసిన అవసరం ఆయనకు ఏముంది? ఇంతలో ఓటీపీ వచ్చింది. "ఆ ఆరు అంకెలు చెప్పండి అంకుల్" అన్నాడు. చెప్పారు. దాంతో సంతకం పెట్టినట్టే అయింది.

ఈ ఏడాది బావగారికి అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. బీపీ సంగతి దాచారు కాబట్టి డబ్బు ఇవ్వబోమని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. బీపీకీ అపెండిక్స్‌కూ ఏమిటి సంబంధమని అక్క ఇప్పటికీ అడుగుతూనే ఉంది. రెండేళ్లుగా కడుతున్న చిట్టీని నష్టానికి పాడుకుని ఆస్పత్రి బిల్లు తీర్చింది. ఆ రోజు నిజం రాసి ఉంటే ఏమయ్యేది? ప్రీమియం కాస్త పెరిగేది, లేదా బీపీ వల్ల వచ్చే జబ్బులకు మొదట్లో కొంతకాలం డబ్బు ఇవ్వని గడువు పెట్టేవారు. ఆ గడువు 3 ఏళ్లు దాటకూడదని 2024లో మీ సంస్థే నిర్ణయించింది. అపెండిక్స్‌కు దానితో పనే లేదు.

ఆ ఉత్తరం చదివిన కోపంలో మీ నిబంధనలు వెతికి చదివాను. బీమా బ్రోకర్ల మీద 2018లో మీరు తెచ్చినవి నిజంగా గట్టివి. నేరుగా పాలసీలు ఇప్పించే బ్రోకర్ సంస్థకు కనీసం 75 లక్షల మూలధనం ఉండాలి. 10 లక్షలు డిపాజిట్ చేయాలి. తన తప్పు వల్ల ఖాతాదారుడు నష్టపోతే భరించడానికి తానే ఒక బీమా తీసుకోవాలి. ప్రధాన అధికారికి తగిన చదువు, దానికి తోడు 50 గంటల శిక్షణ, ఆపైన పుణెలోని నేషనల్ ఇన్సూరెన్స్ అకాడమీ పెట్టే పరీక్ష తప్పనిసరి. ఇంత కట్టుదిట్టం ఎందుకో కూడా అర్థమైంది. ఏజెంటు కంపెనీ మనిషి, బ్రోకర్ మన మనిషి. కమీషన్ కంపెనీ ఇచ్చినా బ్రోకర్ మన తరఫునే నిలబడాలి. ఇంత మంచి మాట ఏ పాలసీ అమ్మేవాడి నోటా నేను వినలేదు.

కానీ చైర్మన్ గారూ, ఆ 50 గంటలు చదివిన అధికారి మా బావగారి షాపుకు రాలేదు. వచ్చిన అబ్బాయి పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్, అంటే తేలికపాటి పాలసీలు అమ్మడానికి ఆ సంస్థ పెట్టుకున్న మనిషి. 2015లో మీరు తెచ్చిన ఆ ఏర్పాటులో పదో తరగతి పాసైతే చాలు, 15 గంటల శిక్షణ చాలు. శిక్షణ ఇచ్చేదీ పరీక్ష పెట్టేదీ సర్టిఫికెట్ చేతిలో పెట్టేదీ అతడిని పనిలో పెట్టుకున్న సంస్థే. నా తరగతిలో నేనే పాఠం చెప్పి, నేనే ప్రశ్నపత్రం తయారుచేసి, నేనే దిద్ది, పాసైన ప్రతి పిల్లవాడి మీదా నాకు ఆదాయం వస్తుందంటే ఆ మార్కులను మీరు నమ్ముతారా? పదో తరగతి పరీక్షల్లో మా పిల్లల జవాబు పత్రాలు మా చేత దిద్దించరు. అందులో మాకు అవమానమేమీ లేదు.

పదో తరగతి చదివిన పిల్లలకు ఉపాధి దొరకడం నాకు సంతోషమే. వాళ్లు అమ్మేవి ముందే షరతులు ఖాయం చేసిన తేలికపాటి పాలసీలే అని మీరు అనవచ్చు. స్కూటర్ బీమాకు ఆ మాట సరిపోతుంది. ఆర్‌సీలో ఉన్న నంబరు చూసి రాస్తే చాలు. ఆరోగ్య బీమాలో పాలసీ ఎంత తేలికైనదైనా ప్రశ్న తేలికైనది కాదు. అడిగే తీరులోనే జవాబు ఉంటుంది. "మీకేమైనా జబ్బులున్నాయా?" అంటే మా బావగారు లేవనే అంటారు. ఆయన దృష్టిలో బీపీ జబ్బు కాదు. "రోజూ ఏ మాత్ర వేసుకుంటారు?" అని అడగాలి. ఆ అడగడం నేర్పాలి, నేర్చుకున్నారో లేదో బయటివారు పరీక్షించాలి. ఆరోగ్య ప్రశ్నలు నింపే ప్రతి ఒక్కరికీ, బ్రోకర్ సంస్థతో సంబంధం లేని చోట, తాము పనిచేసే జనం భాషలో మౌఖిక పరీక్ష పెట్టండి. మా దగ్గరైతే తెలుగులో, ఉర్దూలో. ఓటీపీతో పాటు "మీకు బీపీ లేదు, షుగర్ లేదు అని రాశాము" అన్న రెండు ముక్కలు కొనేవారి భాషలో ఫోనుకు వచ్చేలా చేయండి. అది చూసి ఉంటే బావగారు ఆ ఆరు అంకెలు చెప్పేవారు కాదు.

ఆ అబ్బాయికి నేను ఫోను చేశాను. "ఆ ప్రశ్నలు చదివి వినిపించాలని మాకెవరూ చెప్పలేదు మేడమ్, నెలకు ఎన్ని పాలసీలు చేయాలో అదే చెప్పారు" అన్నాడు. ఏడుపు ఆపుకుంటున్నట్టు ఉంది గొంతు. బావగారు పక్కనే ఉండి విన్నారు. ఫిర్యాదులో కుర్రాడి పేరు రాయవద్దన్నారు. రాయలేదు.

కంపెనీకి ఫిర్యాదు చేసి నెల దాటినా జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు లకడీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, దరఖాస్తు పెట్టాము. 2021 నుంచి బ్రోకర్లు కూడా ఆ పరిధిలోకి వచ్చారు కాబట్టి ఆ బ్రోకర్ సంస్థ మీదా రాశాము. మా డబ్బు సంగతి అక్కడ తేలుతుంది, దానిలో మీ జోక్యం కోరను. ఆ 15 గంటల శిక్షణ తర్వాత పరీక్ష ఎవరు పెట్టాలన్నది మాత్రం మీరే తేల్చాలి. జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

భవదీయురాలు,
ఒక లెక్కల టీచర్,
ఉప్పల్, హైదరాబాద్