ఆ దోమ ఎవరి రక్తం తాగింది?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది మూసీకి దగ్గర్లోని కాలనీ. పొద్దున్నే బాత్రూం గోడ మీద కడుపు నిండి ఎగరలేక ఒక దోమ కూర్చుని ఉంటుంది. కొడితే అరచేతికి ఎర్రటి మరక. ఆ రక్తం నాది కావచ్చు, వెనక సందులో గేదెది కావచ్చు, వెంటిలేటర్లో పడుకునే పిచ్చుకది కూడా కావచ్చు. చూసి చెప్పలేం. మీ శాఖ మాత్రం కనుక్కోగలదు. అది అడగడానికే ఈ ఉత్తరం.

దోమలన్నిటికీ ఒకే రుచి ఉండదు. డెంగీ తెచ్చే ఏడిస్ పగటిపూట మనిషినే వెతుక్కుంటుంది. మన పల్లెల్లో మలేరియా మోసే అనాఫిలిస్‌కి మనిషికంటే పశువంటేనే ఇష్టం. నాలాల మురుగులో పుట్టే క్యూలెక్స్‌కి అంత పట్టింపు లేదు. బాగా పొద్దుపోయాక మనిషో, కోడో, పిచ్చుకో, ఏది దొరికితే దాన్ని కుడుతుంది. మనుషులకు బోదకాలు అంటించేది ఇదే, పక్షులకు మలేరియా అంటించేదీ ఇదే.

పక్షుల మలేరియా మనకు కొత్తేం కాదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో అనాఫిలిస్ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని అందరం చదువుకున్నాం. హుసేన్ ఖాన్ అనే రోగికి ఒక్కో దోమకాటుకు ఒక్కో అణా ఇచ్చాడట! అయితే ఆ కథ అక్కడికి సగమే అయింది. మిగతా సగం మరుసటి ఏడాది కలకత్తాలో పిచ్చుకల మీద తేలింది. జబ్బు పిచ్చుకను కుట్టిన క్యూలెక్స్‌లో పక్షుల మలేరియా పరాన్నజీవి పెరిగి, లాలాజల గ్రంథుల్లోకి చేరి, మళ్లీ కుట్టినప్పుడు మంచి పిచ్చుకకు అంటుకుంది. రాస్‌కి వచ్చిన 1902 నోబెల్ బహుమతిలో మన హైదరాబాద్ దోమకెంత వాటా ఉందో, ఆ పిచ్చుకలకూ అంతే ఉంది. బేగంపేటలో రాస్ పేరున్న భవనం దగ్గర ఆగినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

అదే దోమ, అదే పరాన్నజీవి హవాయి దీవుల్లో చేసిన పని చూడండి. 1826 దాకా అక్కడ దోమే లేదు. ఓడల నీళ్ల పీపాల్లో వచ్చి దిగిందంటారు. ఇఇవి అనే ఎర్ర పిట్టను జబ్బు దోమ ఒక్కసారి కుడితే పదింట తొమ్మిది చచ్చిపోయాయి. ఆ పిట్టల కుటుంబంలో ఒకప్పుడు యాభైకి పైగా రకాలు ఉండేవి, ఇప్పుడు మిగిలినవి 17. మౌయి దీవిలో 2023 నుంచి హెలికాప్టర్లలో మగ దోమల్ని వదులుతున్నారు. అవి కుట్టవు, వాటితో జతకట్టిన ఆడవాటి గుడ్ల నుంచి పిల్లలు రావు.

మన పిచ్చుకలు చాలావరకు ఈ రోగాన్ని తట్టుకుంటాయి. ఇది మనుషులకు రాదు కూడా, కాబట్టి ఎవరికీ టెన్షన్ అక్కర్లేదు. మరి నాకెందుకీ గోల అంటారా? దోమ భోజనం మారితే రోగమూ దారి మారుతుంది. అమెరికాలో వేసవి చివర రాబిన్ పిట్టలు వలసపోగానే క్యూలెక్స్ మనుషుల వైపు తిరిగింది. పక్షుల నుంచి ఈ దోమే మనుషులకు మోసే వెస్ట్ నైల్ వైరస్ జ్వరాలు పెరిగింది అప్పుడే. మనకూ మెదడువాపు ఉంది. దాని వైరస్‌కి కొంగలు, పందులు ఆశ్రయం, మోసేది వరిపొలాల క్యూలెక్స్.

సాయంత్రం ఆరింటికి మా సందులోకి ఫాగింగ్ బండి వస్తుంది. పిల్లలు కేరింతలు కొడుతూ ఆ పొగ వెంట పరిగెడతారు. క్యూలెక్స్ కుట్టేది అర్ధరాత్రి వేళ, దాని పిల్లలేమో నాలాలో క్షేమంగా ఉంటాయి.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. మీ ఎంటమాలజీ (కీటకాల విభాగం) సిబ్బంది పట్టే దోమల్లో కడుపు నిండినవి వేరు చేసి, ఆ రక్తం మనిషిదా, పశువుదా, పక్షిదా అని ల్యాబ్‌లో చూడమనండి. మీర్ ఆలం చెరువు పక్కన, జూ దగ్గర మొదలుపెట్టి, నెలకోసారి ఫలితాలు జనం ముందు పెట్టండి. నాలా పూడికతీత, గుర్రపుడెక్క తొలగింపు ఎక్కడ ముందు జరగాలో ఆ లెక్కను చూసి నిర్ణయించండి.

ట్రాప్ పెట్టడానికి చోటు కావాలంటే మా వెంటిలేటర్ కింద గోడ ఖాళీగానే ఉంది. పిచ్చుకలు పిల్లలతో ఉన్నాయి, కాస్త మెల్లగా రమ్మనండి.

ఇట్లు,
మూసీ పక్క కాలనీ నివాసి